వాద్యములు చెప్పిన కథలు



వాద్యములు కథ చెప్పగలవా యనునది నేటి ప్రసంగవిషయము. గీతము కథ చెప్పును. అందు సందేహము లేదు. అభినయము చెప్పును. చిత్తరువు సైతము చెప్పును. కాని మాట లేనిది, రూపము లేనిది, కేవలము తీగ, తోలు, కఱ్ఱ, ఊపిరి యను వీనివలన పుట్టిన నాదము మన కొక వృత్తాంతమును తెలుపగలదా? ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన కలిగినది కాదు. మా యూరి చెఱువుగట్టున కలిగినది. తరువాత పుస్తకములలో వెదకితిని. కొంత దొరకినది, కొంత దొరకలేదు.

మాది రామతీర్థము. విజయనగరమునకు సుమారు 12 కిలోమీటర్ల దూరమున, నెల్లిమర్ల దాటిన పిమ్మట, చుట్టును రాతికొండలు, నడుమ చెఱువు, స్వామివారి కోవెల. బోధికొండ, దుర్గకొండ, గురుభక్తులకొండ యని ఆ కొండల పేర్లు. గురుభక్తులకొండమీద బౌద్ధవిహారముల శిథిలములు బయల్పడినవి. దుర్గకొండ గుహలో జైనవిగ్రహములు కలవు. 1011 మొదలు 1018 వఱకు రాజ్యమేలిన తూర్పు చాళుక్యుడు విమలాదిత్యుని నాటి కన్నడశాసన మొకటి యచట నున్నది. ఆ రాజునకు గురువైన త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనాచార్యుడు ఈ స్థలమును భక్తితో దర్శించినట్లు అందు చెక్కియున్నది. ఈ ముచ్చట ప్రస్తుతమునకు అంతగా అక్కఱలేదు. కాని మా యూరి పేరు చెప్పి యిది చెప్పకుండ నుండుట నా చేత కాదు.

మాఘశుద్ధ ఏకాదశినాడు, అనగా భీష్మైకాదశినాడు, మా స్వామికి తిరుకల్యాణము జరుగును. నాకు ఏడెనిమిదేండ్ల వయస్సున, 1968 ప్రాంతమున, మా మాతామహులు నన్ను చేయిపట్టుకొని కల్యాణమునకు బయలుదేఱిరి. చేయిపట్టుకొని యంటినే గాని, పట్టుకొని నడిపించినవాడను నేనే. వారికి కనుచూపు చాలవఱకు పోయినది. మంటపము దరిదాపులకు పోవ వీలులేనంత జనసమ్మర్దము. చెఱువుగట్టుననే ఒక చింతచెట్టు క్రింద చతికిలబడితిమి. నాకు ఏడుపు వచ్చినది. ఏమియు కనబడదు, వేదమంత్రము వినబడదు, వినబడున దంతయు సన్నాయి, డోలు.

"ఏడవకురా నాయనా, నేను చెప్పెదను గదా" అని వారు మొదలుపెట్టిరి. "ఇప్పుడు స్వామిని మంటపమునకు వేంచేపు చేయుచున్నారు, నడక చూడు, ఎంత నిదానమో. ఇప్పుడు అమ్మవారిని తెచ్చిరి. ఇదిగో, కురంజి యెత్తుకొన్నాడు. అది త్యాగరాజస్వామివారి సీతాకల్యాణ కృతి. ఇంక ముహూర్తము సమీపించినది." ఇంతలో సన్నాయి సగము చరణమున టక్కున ఆగినది. డోలు ఒక్క పెట్టున ఉరుమువలె మ్రోగినది. తాతగారు రెండు చేతులును తలపై జోడించిరి. "ఘట్టిమేళమురా! మాంగల్యధారణ మైనది" అనిరి. మంటపము చెంత నున్నవారు లేచి అక్షతలు చల్లుటకును, ఇరువదిబారల దూరమున మేము తలవంచుటకును నడుమ రెప్పపాటైన లేదు. అటుపిమ్మట ఆనందభైరవిలో ఏదో పాట. "తలంబ్రాలు పోసుకొనుచున్నారు, స్వామివారికన్న అమ్మవారి దోసిలి ముందుగా లేచినదట" అని చెప్పి తాతగారు తమలో తాము నవ్వుకొనిరి.

"తాతయ్యా, మీకెట్లు తెలిసినది?" అని అడిగితిని.

"సన్నాయి చెప్పినదిరా" అనిరి.

శ్రోతలారా, అరువదియేండ్లు కావచ్చినది. నేను నేటికిని ఆ యొక్క మాటనే తరచి చూచుచున్నాను. నిజముగ సన్నాయియే చెప్పినదా? లేక ఆ కల్యాణమును కన్నులున్న దినములలో ఏబదిమాఱులు చూచిన తాతగారి జ్ఞాపకము చెప్పినదా? అమ్మవారి దోసిలి ముందుగా లేచుటను ఏ సన్నాయి చెప్పగలదు?

ఈ వివాదము మన దేశమున క్రొత్తది కాదు. భరతముని నాట్యశాస్త్రమున ఐదవ అధ్యాయమునందు ఇందుకు సంబంధించిన ముచ్చటయైన కథ యొకటి కలదు. నాటకమునకు ముందు జరుగు పూర్వరంగమున నారదాదులు తంత్రీవాద్యములతో నిర్గీతమును ప్రయోగించిరట. నిర్గీతమనగా అర్థవంతమగు పదములు లేని సంగీతము. అందు శుష్కాక్షరములే, అనగా అర్థములేని అక్షరములే యుండును. దానిని విని దైత్యులును రాక్షసులును పరవశులైరి. దేవతలకు కన్నెఱ్ఱనైనది. తమ స్తోత్రములున్న గీతములను విడిచి, ఈ పదములు లేని దానిని దానవులు మెచ్చుటయా? దీనిని మాన్పవలయునని నారదుని యొద్దకు పోయిరి. నారదుడు మాత్రము సమ్మతింపలేదు. దీనిని నశింపజేయవలదనియు, దైత్యులు దీనికి కట్టువడి విఘ్నములు చేయక యుందురనియు చెప్పెను. దేవతల గౌరవమునకై దానికి బహిర్గీతమని మఱియొక పేరు పెట్టెను. నారదుడు కలహప్రియుడని లోకులందురు గాని, యిచట ఇరుపక్షములకును సంధి చేసినవాడు ఆయనయే. పేరు మార్చి వస్తువును నిలుపుట మంచి లౌకికుల నేర్పు.

ఈ కథలో నాకు తోచిన విశేష మొక్కటి. దేవతలకు కావలసినది పదము. తమ పేరు, తమ పరాక్రమము మాటలలో వినబడవలెను. దానవులకు అట్టి పట్టింపు లేదు; నాదము చాలును. మా గురువుగారు ఈ ఘట్టము పాఠము చెప్పునపుడు తప్పక దేవతల పక్షము వహించెడివారు. సాహిత్యము లేని సంగీతము ప్రాణము లేని దేహమని వారి మతము. పదుమూడవ శతాబ్దమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నృత్తము వాద్యము ననుసరించుననియు, వాద్యము గీతము ననుసరించుననియు చెప్పినదానిని వారు ప్రమాణముగ చూపుచుండిరి. మన రాచకొండ ప్రభువు సింగభూపాలుడు ఆ గ్రంథమునకు వ్యాఖ్య వ్రాసినాడనికూడ తప్పక జ్ఞాపకము చేయుచుండిరి. గీతము రాజు, వాద్యము బంటు. బంటు రాజుగారి కథ చెప్పునా? రాజు వెంట నడచును; అంతే. చాలకాలము నేనును ఇట్లే అనుకొంటిని. నా శిష్యులకు ఇట్లే చెప్పితిని.

వీణను దగ్గఱగా చూచినపుడు ఈ మతమునకు మంచి బలమే దొరకినది. మా ప్రాంతమున వీణ యనగా బొబ్బిలివీణ. బొబ్బిలికి సమీపమున గొల్లపల్లిలో సర్వసిద్ధివారు తరతరములుగ వీణలు చేయుచున్నారు. పనసమ్రాను తొలిచి, కుండ, దండి అతుకులేకుండ ఏకాండముగ మలచుట అచటి విశేషము. ఆ వీణలకు 2011లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. ఇరువదినాలుగు మెట్లు, నాలుగు వాయించు తీగలు, మూడు తాళపు తీగలు. ఇదంతయు అందఱు నెఱిగినదే. అందఱు గమనింపనిది మీటు. వైణికుడు కృతిని వాయించునపుడు కుడిచేతి మీటు ఎచట పడును? తనకు తోచినచోట కాదు. సాహిత్యాక్షరము పడినచోట పడును. "రా" యను అక్షరము దీర్ఘముగ సాగినచో ఒకే మీటుతో ఎడమచేయి తీగను లాగి గమకమును పలికించును. మఱల "మ" యనునపుడు మాత్రమే క్రొత్త మీటు. కావున కృతి తెలిసినవానికి వీణలో మాటలు వినబడును. అది భ్రమ కాదు. మాటల ఎముకలన్నియు అందుండును, మాంసమును వినువాడు తొడుగును. కృతి తెలియనివానికి అవే మీటులు వానచినుకులు.

ఫిడేలు విషయమును ఇట్టిదే. పాశ్చాత్యదేశమునుండి వచ్చిన యీ వాద్యమును పంతొమ్మిదవ శతాబ్ది మొదట ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులు మన సంగీతమునకు లోబఱచిరి. శతాబ్దము తిరుగునప్పటికి అది విజయనగరమున ఇంటివాద్య మైనది. ఆ పట్టణమున ఫిడేలును గూర్చి మాటలాడి ద్వారం వేంకటస్వామినాయుడుగారిని తలపకుండుట యెట్లు? 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు చాలనివారు. 1919లో విజయరామ గజపతిరాజుగారు విజయనగరమున సంగీతకళాశాలను స్థాపించినపుడు, విద్యార్థిగా చేరవచ్చిన ఈ యువకుని విద్వత్తును చూచి ఆచార్యునిగనే నియమించిరని ప్రసిద్ధి. 1936లో వారే ఆ కళాశాలకు అధ్యక్షులైరి. 1938లో వెల్లూరున ఫిడేలును గాత్రమునకు ప్రక్కవాద్యముగ గాక, తానే సభకు నాయకముగ నిలిపి కచ్చేరీ చేసిరి. ఫిడేలునాయుడుగారని లోకము పిలిచినది. బంటు రాజాసనమున కూర్చుండిన నాడది. 1964లో వారు స్వర్గస్థులైరి గాని, వారి కమానుధ్వని రికార్డులలో నిలిచియున్నది. మాట పలుకునపుడు ఊపిరి ఎచట ఆగునో వారి కమాను అచట ఆగును. మాట మాఱినచోట కమాను దిశ మాఱును. గాత్రములేని గాత్రమని దానిని విన్న రసికులు చెప్పుకొందురు.

వారికి పూర్వము ఆ కళాశాలకు తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఇట కథకును వాద్యమునకును గల పొందు మఱియొక విధముగ గోచరించును. దాసుగారు 1864లో బొబ్బిలికి చేరువనున్న అజ్జాడలో జన్మించిరి. 1883లో ధ్రువచరిత్రముతో హరికథకు పూనుకొనిరి. 1945 జనవరి 2వ తేదీని కీర్తిశేషులైరి. వారు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి, పాడుచు, ఆడుచు, వచనము చెప్పుచు కథ నడిపెడివారు. తాము స్వయముగ వైణికులు. రెండు చేతులతో, రెండు పాదములతో, శిరస్సుతో ఐదు తాళములను ఏకకాలమున చూపు పంచముఖి విద్య వారిది. అట్టివారి కథలో వాద్యమునకు పని యేమి? హరికథ చూచినవా రెఱుగుదురు. కథకుడు ధ్రువుడై మాటలాడి, సురుచిగా మాఱుటకు ముందు ఒక్క క్షణము వెనుకకు తిరుగును. ఉత్తరీయము సవరించుకొనును. ఆ క్షణమున కథ ఎవరి చేతిలో నుండును? ఫిడేలు చేతిలో. పసివాని దుఃఖమును ఫిడేలు పట్టి నిలుపకపోయినచో, కథకుడు మఱల సభవైపు తిరుగునప్పటికి సభవారి కన్నులు ఆఱిపోవును. మాటలు లేని ఆ నాలుగు ఆవర్తములును కథలోని భాగమే. అచ్చైన హరికథాపుస్తకములలో ఆ నాలుగు ఆవర్తములు కానరావు. అందుచేతనే చదివిన హరికథకును విన్న హరికథకును అంత తేడా.

పాశ్చాత్యులు ఈ విషయమును గూర్చి మనకన్న తెగించి ప్రయోగములు చేసిరి. ఇటలీదేశీయుడు వివాల్ది నాలుగు ఋతువులను గూర్చి ఫిడేలు కచ్చేరీలను 1725లో అచ్చొత్తించెను. పక్షులు, ఉరుము, వేటకుక్కలు అన్నియు అందున్నవి. కాని ఏది పక్షియో ఏది ఉరుమో తెలియుటకై పద్యములు కూడ అచ్చువేసెను. ఫ్రాన్సున బెర్లియోజ్ 1830లో ఒక ప్రేమోన్మత్తుని కథను వాద్యబృందముచే చెప్పించెను. చెప్పించుటకు ముందు ఆ కథను కాగితములపై అచ్చొత్తించి సభవారికి పంచిపెట్టెను. వాద్యము కథ చెప్పునని అంత నమ్మకమున్నచో కాగిత మెందులకు? జర్మనీదేశపు బేతోవెన్ ఈ యిబ్బందిని ముందే గుర్తించెను. 1808లో ప్రదర్శింపబడిన పల్లెపట్టు సింఫనీలో వాగును, కోయిలను, గాలివానను వినిపించుచునే, ఇది చిత్రలేఖనముకన్న ఎక్కువగ భావప్రకటనమని వ్రాసిపెట్టెను. ఆయన మాట మన ఆలంకారికులకు నచ్చును. విభావము మాటలది, భావము నాదముది.

మనవారిలో ఈ మార్గమున నడచినవారు ఈమని శంకరశాస్త్రిగారు. 1922లో ద్రాక్షారామమున జన్మించిన వైణికులు; మద్రాసు రేడియోలోను, పిదప ఢిల్లీ ఆకాశవాణి జాతీయవాద్యబృందమునను పనిచేసిరి. 1953 మే 29వ తేదీని టెన్సింగును హిల్లరీయు గౌరీశంకరశిఖరమని మనవారు పొరపాటున పిలుచుచుండిన ఎవరెస్టును ఎక్కిరి గదా. ఆ యుదంతము శాస్త్రిగారిచే ఆదర్శశిఖరారోహణమను వాద్యబృందరచన చేయించినది. పేరులోనే శ్లేష యున్నది. సంగీతమున స్వరములు పైకి పోవుట ఆరోహణము. కొండ నెక్కుటయు ఆరోహణమే. భాషయే ఇచట దారి చూపినది. పేరు తెలియక విన్నవానికి ఎక్కుట, అలయుట, నిలుచుట, మఱల ఎక్కుట తెలియును; ఏ కొండ, ఎవ్వరు, ఎన్నడు అన్నది తెలియదు. తెలియకపోయిన నష్టమేమని శాస్త్రిగారే అడిగియుందురేమో. వారి శిష్యులు చిట్టిబాబుగారు వీణపై కోయిలను కూయించిరి, కోవెల గంటలను మ్రోగించిరి. పండితులు కొందఱు దానిని గారడీ యనిరి. నేనును కొంతకాలము ఆ జట్టులోనివాడనే. పల్లెటూరి బాలు రాత్రిపూట రేడియో చుట్టు మూగి "కోయిలరా!" అని కేక వేయుట చూచిన పిమ్మట నా పట్టు సడలినది.

రేడియో మాట వచ్చినది గనుక ఒక సంగతి. తెల్లవారుజామున ప్రసారములకు ముందు మ్రోగు ఆకాశవాణి సంకేతనాదము మీ రందఱు నెఱుగుదురు. తంబురశ్రుతిపై ఫిడేలు, శివరంజని ఛాయ. 1936 ప్రాంతమున దానిని కూర్చినవాడు వాల్టర్ కాఫ్‌మన్ అను యూదుడు. చెకోస్లోవేకియానుండి బొంబాయికి వచ్చి తలదాచుకొన్నవాడు. ఆ నాదమున ఒక్క మాట లేదు. అయినను కోట్ల యిండ్లలో అది తెల్లవారినదని చెప్పినది, పాలు కాచుకొమ్మని చెప్పినది, బడికి వేళయగునని చెప్పినది. దిక్కులేక వచ్చిన ఒక పరదేశి గుండెలో ఏ కథ యుండి ఆ స్వరములు వెలువడినవో గాని, మనకు మాత్రము అది తెల్లవాఱు కథ. పంపినది ఒకటి, చేరినది మఱియొకటి.

ఇక మా సీమలోని మఱియొక తెగ వాద్యములకు వత్తును. ఇవి శాస్త్రగ్రంథములలో కానరావు. గ్రామమున డప్పు మ్రోగిన యింటిలో నున్నవారికి వార్త తెలియును. చాటింపు దరువు వేఱు, జాతర దరువు వేఱు, చావు దరువు వేఱు. చావు దరువు వినగానే మా అమ్మమ్మ పొయ్యి మంట తగ్గించి, ఎవరై యుందురని చెవియొగ్గుచుండెను. తప్పెటగుళ్ళవారు ఱొమ్మున రేకు తప్పెటలు కట్టుకొని వలయముగ ఎగిరి కొట్టుచు సారంగధరుని కథ చెప్పుదురు. 1757 నాటి బొబ్బిలియుద్ధమును తంబురకథగ చెప్పునపుడు వంతలవారి గుమ్మెటలే ఫిరంగులు, గుఱ్ఱపుడెక్కలు.

వీని యన్నిటిలో విచిత్రమైనది జముకు. చిన్న కొయ్యగోలెము, ఒక ప్రక్క తోలు, మఱియొక ప్రక్క బోలు. తోలు నడుమనుండి నరము తీసి కొసకు చిన్న పుల్ల కట్టుదురు. గోలెమును చంకనిడి, పుల్లను పట్టి నరమును బిగించుచు సడలించుచు మీటుదురు. బిగించిన స్వరము పైకి పోవును, సడలించిన క్రుంగును. మెట్లు లేవు, స్వరస్థానములు లేవు. మనుష్యుని కంఠమువలె జాఱుడే. దానితో చెప్పు కథ జముకులకథ. అందు ముఖ్యముగ ఎల్లమ్మకథ, అనగా రేణుకాదేవి కథ. తెలంగాణమున బవనీలవారు ఇట్టి వాద్యమునే జమిడిక యని వాయించుచు ఆ కథనే చెప్పుదురు. దీని ప్రాచీనత యెంతయో చూడుడు. వినుకొండ వల్లభరాయని పేర నున్న క్రీడాభిరామమున, ఓరుగల్లులో ఏకవీరాదేవి ముంగిట బవనీలచక్రవర్తి వాద్యనైపుణితో పరశురాముని కథలు పాడినట్లున్నది. ఏకవీర యనగా రేణుకయే. ఆఱువందల యేండ్లుగ అదే కథ, అదే వర్గమువారు. నేను ఆ పద్యమును ముప్పదియేండ్లు పిల్లలకు పాఠము చెప్పితిని. పద్యములోని ఛందస్సు చెప్పితిని, అలంకారము చెప్పితిని. మా యూరికి మూడుక్రోసుల దూరమున ఆ కథ బ్రతికియున్నదని ఒక్కనాడును చెప్పలేదు. చెప్పకపోవుటయే కాదు. జముకులకథ సాహిత్యమగునా యని ఒకడు అడిగినపుడు, "అది కూటిపాట, వదలుము" అంటిని. అడిగిన బాలుడు తల దించుకొన్నాడు. వాని యింటిలో జముకు ఉన్నదని నాకు తరువాత తెలిసినది.

నా యుద్యోగపు కడపటి యేడు తరగతిలోనికి ఒక చిన్న యంత్రమును తీసికొనిపోయి నాయుడుగారి ఫిడేలు వినిపించితిని. అది త్యాగరాజస్వామివారి కృతి, రామునితో మొఱపెట్టుకొనునట్టిది. పేరు చెప్పలేదు. "ఇందేమి వినబడినది?" అని అడిగితిని. నలువదిమందిలో ఒక్కనికిని ఆ కృతి రాదు. నాకు కలిగిన విచార మింతంత కాదు. మాటలు తెలిసినవారు పోయినచో ఫిడేలు మూగదగును; మీటులు వానచినుకులగును; మా గురువుగారి సిద్ధాంతము ప్రకారము అంతటితో కథ ముగిసినట్లే. ఒకడు "సినిమాపాటా మాస్టారూ" అన్నాడు. ఒకడు నిద్రపోయినాడు. వెనుకబల్లనుండి ఒకడు, మెల్లగా, "ఎవరో ఎవరినో పిలుస్తున్నారండి. వాళ్ళు పలకటం లేదు" అన్నాడు.

నేను మాఱు పలుకలేకపోతిని. కృతియందలి భావ మదియే. వానికి ఒక్క యక్షరము తెలియదు. రాముడని తెలియదు, త్యాగయ్య యని తెలియదు. పిలుపు మాత్రము తెలిసినది, పలుకకపోవుటయు తెలిసినది. దేవతల పక్షమున నలువదియేండ్లు వాదించినవాడను, ఆనాడు దానవుల గోష్ఠికి ఒక మెట్టు దిగితిని, లేదా ఎక్కితిని.

ఉద్యోగవిరమణానంతరము ఒక శివరాత్రికి జముకులకథ విన బోయితిని. మా రామతీర్థమున శివరాత్రికిని పెద్ద తీర్థమగును. కోవెలకు దవ్వుగా, బండ్లు విప్పినచోట, పెట్రోమాక్సు దీపము వెలుగులో కాక ఇప్పుడు విద్యుద్దీపము వెలుగులో, ముగ్గురు కథకులు నిలిచిరి. ప్రధానకథకుడు ముదుసలి; గజ్జెలు కట్టుకొన్నాడు. వంతవాని చంకలో జముకు. ముందువరుసలో పదిపండ్రెండుగురు వృద్ధస్త్రీలు, చేటలలో వేరుసెనగకాయలు. నేను కుఱ్ఱవానిచేత కుర్చీ వేయించుకొని కొంచెము ఎడముగ కూర్చుంటిని. ఎడముగ కూర్చుండుట పండితుల అలవాటు.

కథ రేణుక నీటికేగి ఆలస్యము చేసినంతవఱకు వచ్చినది. జమదగ్ని కోపము. కొడుకులను పిలుచుట. పెద్దవారు ఒల్లమనుట. పరశురాముడు గొడ్డలి యెత్తుట. నేను భారతమున చదివిన కథయే గదా. తరువాతి మాట కథకుడు ఎట్లు పొదుగునో, ఏ పోలిక తెచ్చునో యని చెవులు రిక్కించితిని. అతడు చేయి పైకెత్తి ఊరకుండెను. మాట లేదు. వంతవాడు నరమును కొసవఱకు బిగించి ఒక్క మీటు మీటి, స్వరము క్రిందికి, ఇంకను క్రిందికి, వినబడీ వినబడనంతవఱకు సడలించెను. ముందువరుసలో చేటలు నేలబడినవి. ఒకామె కొంగు నోటిలో క్రుక్కుకొన్నది.

నేను ఇంకను మాటకై వేచియుంటిని. ఎంతసేపటికిని రాలేదు. ప్రక్కనున్న ముసలమ్మవైపు వంగి, "ఏమైనదమ్మా?" అని అడిగితిని.

ఆమె నావంక వింతగా చూచి కన్నులు తుడుచుకొన్నది.

"తల తెగిపోనాది గదా బాబూ! ఇనపడ్నేదేటి?"